ఎడమ గోడ

ఎడమ గోడకి సున్నా.

కోడలు ఆ సున్నాని మూడోసారి చూసింది. కొండ కింద ఇంజన్ల షెడ్డులో, కిటికీ పక్కనున్న రేకు బల్ల దగ్గర కూర్చుని పరీక్ష ఫారం నింపుతోంది. నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నవన్నీ సిరాతో ఫారంలోకి ఎక్కించాలి. కుడి గోడలో విరిగిన బోల్టులు పంతొమ్మిది. వెనక గోడలో ఎనిమిది. ఎడమ గోడలో సున్నా.

పన్నెండు గంటలకల్లా ఇంజనీరు సంతకం పెడితే సాయంత్రం పెద్దమ్మకి నిప్పు పెడతారు. రేపు పొద్దున్నే అతిథుల్ని ఎక్కించుకుని పెద్దమ్మ కొండెక్కుతుంది. దాని మంట ముందు నిలబడి బొగ్గు వేసేది ఆమె భర్తే.

పెద్దమ్మంటే మనిషి కాదు, ఆవిరి ఇంజను. నలభై ఏళ్ళు పొదల్లో తుప్పు పట్టి పడుంటే ఈడ్చుకొచ్చి బాగు చేస్తున్నారు. దానికన్నా ముందే బాగుపడిన చిన్న ఇంజను చిట్టి. రెండేళ్ళుగా రోజూ జనాన్ని కొండ మీదికి తిప్పి తీసుకొస్తోంది. ఇవాళ కూడా పదింటికి నలభై మందితో బయల్దేరింది. భర్త దాని మీదే ఉన్నాడు. రెండింటికీ పేర్లు పెట్టింది మామగారే.

ఇంజనులో నిప్పు మండే ఫైర్‌బాక్సు, పెట్టెలో పెట్టెలా ఉంటుంది. లోపలి పెట్టెలో నిప్పు, రెండు పెట్టెల మధ్య నీళ్ళు. ఆవిరి పుట్టాక అది నెట్టే నెట్టుడికి లోపలి గోడ కాగితంలా నలిగిపోవాలి. నలగకుండా రెండు గోడల్నీ కలిపి పట్టుకునేవి వందలకొద్దీ బోల్టులు. లోపల ఏది విరిగిందో కంటికి కనపడదు. సుత్తితో తట్టి వినాలి. మంచిది ఖంగుమంటుంది. విరిగింది పగిలిన కుండలా డొల్లగా పలుకుతుంది.

ఆ వినికిడిలో మామగారిని మించినవాళ్ళు లేరని పేరు. ఆయన తట్టి "బాగుంది" అంటే ఇంజనీరు మారుమాట్లాడకుండా సంతకం పెట్టేస్తాడు. "పెద్దాయన చెవి ఉండగా మనకి మిషన్లెందుకు?" అంటాడు, మిషన్లు తెప్పించే బాధ తప్పినందుకు హాయిగా.

కోడలి పని దీపం పట్టుకోవడం, ఆయన "పోయింది" అన్నచోట సుద్దతో గుర్తు పెట్టడం. పెళ్ళయి వచ్చి ఏడాదిన్నర. షెడ్డులో ఆడపిల్లకేం పనని కొందరు నవ్వారు. మామగారు మాత్రం "దీపం పట్టడానికి ఇదే కావాలి నాకు" అని పట్టుబట్టి తెచ్చుకున్నాడు.

కుడి గోడ, వెనక గోడ అయ్యాక పై ఆఫీసు నుంచి కొత్త ముసుగులు వచ్చాయి. తలంతా కప్పే సంచి, కళ్ళకి నల్లద్దం, ముక్కుకి గొట్టం. లోపలికి ఎవరు దూరినా వేసుకోవాల్సిందేనన్నాడు ఇంజనీరు. మామగారు తనది విసిరికొట్టాడు. కోడలు వేసుకుంటే ఆయనకి ఎన్నడూ లేనంత కోపం వచ్చింది.

"తీసెయ్యమ్మా దాన్ని, దయ్యంలా ఉన్నావు!"

"రూలటండీ మామయ్యా," అంది ముసుగు నోటి పైదాకా ఎత్తి.

"రూలూ లేదు, గీలూ లేదు. తీసెయ్."

ఆమె తియ్యలేదు. ఎడమ గోడ మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ముసుగులోంచి అక్కడక్కడ ఏదో డొల్లగా వినిపించినట్టే ఉండేది. గుడ్డ అడ్డం వల్లేమోననుకుంది. ఆయన చెవి ముందు తన చెవెంత!

ఒకే నిప్పు, ఒకే నీళ్ళు, నలభై ఏళ్ళ తుప్పూ ఒకటే. ఈ గోడకి పంతొమ్మిది, ఆ గోడకి సున్నా ఎలా వస్తాయి?

"ఏమ్మా, అయిందా?" ఇంజనీరు తలుపులోంచి తొంగిచూశాడు. "పెళ్ళికూతురు ముస్తాబైపోయింది, నీ కాగితమే రాలేదు."

"ఎడమ గోడ ఒక్క వరస మళ్ళీ చూడాలండీ."

"ఎవరు, నువ్వా?"

"మామయ్యే."

"పెద్దాయన్ని మళ్ళీ చూడమంటావా? నీ గుండెకి దండం తల్లీ. ఆయన సుత్తి నీ నెత్తిన పడితే నన్ననుకోకు." నవ్వుతూ వెళ్ళిపోయాడు.

మామగారు బయట దుంగ మీద కూర్చుని సుత్తి పిడికి నూనె రాస్తున్నాడు. వెనకనుంచి రెండుసార్లు పిలిచింది. పలకలేదు.

"పెద్దాయన ఇవాళ మౌనంలో ఉన్నారు. ముందుకెళ్ళి దర్శనం చేసుకో," అన్నాడు పక్కనున్న ఫిట్టరు.

ఆమె చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడింది. అప్పుడు తలెత్తాడు. ఆమె అడుగుతున్నంతసేపూ పెదవుల వంకే చూసి, "ఎందుకు?" అన్నాడు.

"నా రాతలో తప్పు దొర్లిందేమోనని."

"నీ రాతలో తప్పేంటి? ఏం, సున్నా రాకూడదా? చిట్టిని తట్టినప్పుడు ఆరొందల బోల్టుల్లో ఒక్కటి మార్చలేదు తెలుసా! మంచి ఇంజనంటే అంతే."

"ఒక్క వరసే మామయ్యా. మీకు పది నిమిషాల పని."

గొణుక్కుంటూ లేచాడు. కింద బూడిద లాగే తలుపులోంచి ఇద్దరూ లోపలికి దూరారు. మోకాళ్ళ మీద కూర్చుంటే తల పైరేకుకి తగిలేంత చోటు. ఆమె ముసుగు తగిలించుకుని దీపం ఎత్తింది. ఈసారి చెవుల దగ్గర గుడ్డని పైకి మడిచి పెట్టుకుంది.

ఖంగ్. "బాగుంది." ఖంగ్. "బాగుంది."

ఐదో బోల్టు దగ్గర సుత్తి పడింది. శబ్దం డొల్లగా వచ్చింది. తడి చెక్కని కొట్టినట్టుంది. మామగారు ఆమె వైపు తిరిగాడు. నల్లద్దంలోకి కాసేపు చూశాడు.

"బాగుంది," అన్నాడు.

ఆరోది. అదే శబ్దం. మళ్ళీ నల్లద్దం వైపు చూపు.

"బాగుంది."

ఆమె ముసుగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన ఏమీ అడగకుండానే ఆరోదాన్ని మళ్ళీ తట్టాడు. గోడ వైపు చూడలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. ముఖం కదలకుండా ఉంచుకోవాలని ఆమె పళ్ళు బిగబట్టింది. ఉంచుకోలేకపోయింది.

సుత్తి దించాడు. "ఇది పోయింది."

"మీకు వినపడిందా మామయ్యా?"

ఆయన సుత్తి పిడితో ఆమె నుదుటి వైపు చూపించాడు.

"నీ కుడి కనుబొమ్మ," అన్నాడు. "పోయినదాని మీద దెబ్బ పడితే ముడిపడుతుంది. నీకు తెలీదు. ముందు దీపం పట్టిన మీ అత్తయ్యకైతే పెదవి బిగుసుకునేది."

రోజూ పదకొండుంపావుకి పైన సొరంగం దగ్గర చిట్టి కూత వేస్తుంది. ఆమె తలెత్తుతుంది. ఆ వెంటనే మామగారు "చిట్టి కూసింది, పద, టీ తాగుదాం" అంటాడు. ప్రతిసారీ ఆమె తలెత్తాకే.

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే? గేటు దగ్గర కూర్చోబెట్టి టికెట్లు చింపమంటారు. ఈ చేత్తో టికెట్లు చింపనా?"

"రేపు దీని ముందు నిలబడేది మీ కొడుకండీ!"

"అందుకేగా ముసుగు తీసెయ్యమని మొత్తుకున్నాను! మూడు రోజులూ అదే మొత్తుకున్నాను కదమ్మా!"

ఆ మాట పైరేకుకి తగిలి మోగింది. తనేమన్నాడో అప్పుడర్థమైనట్టు తల దించుకున్నాడు.

తర్వాత సుత్తి ఆమె చేతికిచ్చాడు. ఆమె తట్టుకుంటూ పోయింది, ఆయన దీపం పట్టుకుని ఆమె ముఖం చూస్తూ సుద్దతో గుర్తు పెట్టాడు. ఒక్క మాట అవసరం పడలేదు. ఆ వరసలో ఇరవై ఉంటే పదకొండు పోయాయి. అన్నీ ఒకదాని పక్కన ఒకటి. రేపు ఆవిరి ఎక్కితే గోడ అక్కడే చిరిగేది.

"ఫారం చింపెయ్," అన్నాడు. "ఇంజనీరుకి నేనే చెప్తాను. నీమీద మాట రానివ్వను."

ఆమెకి ఊపిరి తిరిగింది. పెద్దమ్మకి ఇవాళ నిప్పు పెట్టరు. రేపు భర్త దీని ముందు నిలబడడు. కొంగుతో ముఖం తుడుచుకుంటూ గోడ మీది తెల్ల గుర్తుల్ని చూసింది. ఒక్కో గుర్తూ ఒక ముఖం చూసి పెట్టింది. ముఖం లేకపోతే గుర్తు లేదు. గుర్తు లేకపోతే సున్నా.

ఆరొందల బోల్టుల్లో ఒక్కటి మార్చలేదు.

"మామయ్యా, అత్తయ్య పోయి ఎన్నాళ్ళయింది?"

"ఎండాకాలం వస్తే మూడేళ్ళు."

"మరి చిట్టిని తట్టినప్పుడు దీపం ఎవరు పట్టారు?"

ఆయన చేతిలోని సుద్దముక్క కిందపడింది.

"మేకుకి తగిలించాను," అన్నాడు.

ఆమె బూడిద తలుపులోంచి ఎలా బయటపడిందో ఆమెకే తెలీదు. మోచెయ్యి చీరుకుపోయింది. షెడ్డు గడియారం పదకొండు దాటి పది నిమిషాలు చూపిస్తోంది. కొండ నడుం మీద, చెట్లపైన, పొగ సన్నగా పాకుతోంది. సొరంగం దగ్గరి హాల్టుకి ఫోను తిప్పింది.

"ఏం పిల్లా," అన్నాడు అక్కడి ముసలి కాపలాదారు, "రేపటి మేళం ఇవాళే మొదలెట్టారా?"

"చిట్టిని ఆపండి! జనాన్ని దింపేసి దూరంగా పంపండి. ఆవిరి వదిలేసి నిప్పంతా కిందికి లాగేయమనండి."

"ఎవరి ఆర్డరు?"

"మామయ్యది."

అవతల నవ్వు ఆగిపోయింది. "పెద్దాయన మాటా? సరే, జెండా పట్టుకుని పట్టాల మీదే నిలబడతా. వంపు దగ్గర కూయగానే..."

"కూసిందా?"

"ఇంకో రెండు నిమిషాల్లో కూయాలి మరి. ఇంకా కూయలేదు."

ఫోను పెట్టి ఆవరణలోకి వచ్చింది. ఇంజనీరు ఫారం పట్టుకుని ఏదో అడుగుతున్నాడు. ఫిట్టరు పని ఆపి లేచి నిలబడ్డాడు. పొగ వంపు వెనక్కి వెళ్ళి కనపడకుండా పోయింది. షెడ్డులో సుత్తులన్నీ ఒక్కొక్కటే ఆగాయి. పదకొండుంపావు అయింది. దాటింది.

మామగారు మెల్లగా వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. అందరూ కొండ వైపు చూస్తున్నారు. ఆయన ఒక్కడే ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.