గడియారం పక్కన ఉండాల్సిన బొమ్మ

చిట్టి వాళ్ళ బావగారికి తెలియని విషయమంటూ లేదు. ఆ ఇంటికి పట్టిన పీడ అదే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన లిఫ్టులు అమ్మే కంపెనీలో పనిచేశాడు. లిఫ్టుల గురించి ఆయనకు నికరంగా తెలిసిందల్లా ఏ బటన్ నొక్కితే ఏ అంతస్తుకి వెళ్తుందన్నదే. ఆ మాత్రం లిఫ్టు ఎక్కిన వాళ్ళందరికీ తెలుసు. అయినా రిటైరయ్యి, భార్యని వెంటబెట్టుకుని మరదలి ఇంటి పైవాటాలో దిగిన రోజు నుంచీ ఆ ఇంట్లో కుళాయి కారినా, మిక్సీ మొరాయించినా, గోడకి మేకు దిగకపోయినా పిలవకుండానే ప్రత్యక్షమయ్యేవాడు. ఆయన చెయ్యి పడ్డాక కుళాయి కారడం మానేసింది. నీళ్ళు రావడం కూడా మానేసింది. ప్లంబర్ వచ్చి బాగుచేసి వెళ్ళాక, "నేను సగం చేసి పెట్టబట్టి వాడికి తేలికైంది" అన్నాడు.

చిట్టి అక్కయ్య ఈ మాట నిజంగా నమ్మింది. పెళ్ళైన కొత్తలో నమ్మడం మొదలుపెట్టి, మళ్ళీ ఆలోచించే తీరిక దొరకలేదేమో.

చిట్టి స్పీచ్ థెరపిస్టు. చాలా ఏళ్ళు ఆసుపత్రిలో చేసి, ఇప్పుడు ఇంటి ముందుగదినే క్లినిక్ చేసుకుంది. వీధి చప్పుడు లోపలికి రాకుండా కిటికీకి మందపాటి తెర, నేలంతా దళసరి చాప, రోగి తన పెదాల కదలిక తనే చూసుకోవడానికి గోడకి ఒక అద్దం, బొమ్మల కార్డులున్న డబ్బా, బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన బొప్పాయి ముక్కలంతేసి రెండు స్పీకర్లు. అంతే ఆ గది. చిన్నగదే గానీ, అందులో ఏ వస్తువు ఎక్కడుండాలో చిట్టికి కచ్చితంగా తెలుసు. ఇంకొకరు వేలు పెడితే ఒళ్ళు మండేది.

ఆ రోజుల్లో ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో రిఫరీ గారు ముఖ్యుడు. ఫుట్‌బాల్ మ్యాచులు ఆడించినాయన. ఆయన ఈల వేస్తే మైదానం మొత్తం బిగుసుకుపోయేదని వాళ్ళావిడ చెప్పుకునేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది, మాట పడిపోయింది. కొంత మాట వెనక్కి వచ్చింది గానీ, అదో విచిత్రమైన రాక. వస్తువుల పేర్లు వచ్చాయి, పనుల పేర్లు రాలేదు. "నీళ్ళు" అనగలడు, "ఇవ్వు" అనలేడు. "తలుపు" అనగలడు, తెరవమనడానికీ ముయ్యమనడానికీ మాట దొరకదు. దొరక్క, పళ్ళు బిగించి, బల్ల మీద ఎడమచేత్తో గుద్దేవాడు. ఆయన మతి మాత్రం ఎప్పటిలాగే పదునుగా ఉంది. ఎదుటివాళ్ళు అన్నదంతా అర్థమవుతుంది. అందుకే ఆ కోపం.

చిట్టి ఆయన చేత చేయించే అభ్యాసం తేలికైనదే. కంప్యూటరులో ఒక బొమ్మ కనిపిస్తుంది, దాంతోపాటు నెమ్మదైన గొంతు ఒక వాక్యం మొదలుపెట్టి చివర ఆపేస్తుంది. "పిల్లి పాలు..." అని. మిగతాది ఆయన చెప్పాలి. నెలల తరబడి కూర్చున్నా ఆ మిగతాది రాలేదు. ఒకటే జాగ్రత్త: చప్పుడు పెద్దదైతే ఆయన తట్టుకోలేడు. ఒక్కసారి ఉలిక్కిపడ్డాడంటే ఇక ఆ పూటకి ఉన్న మాటలు కూడా పోయేవి.

ఒక సోమవారం పొద్దున రిఫరీ గారూ, వాళ్ళావిడా వచ్చి కూర్చున్నారు. చిట్టి మొదటి బొమ్మ నొక్కింది.

"తలుపు!" అని పిడుగు పడింది.

రిఫరీ గారు కుర్చీలోనే ఎగిరిపడ్డాడు. కార్డుల డబ్బా కింద దొర్లింది. ఆయన ఒక చెవి మూసుకోగలిగాడు, రెండోదానికి చెయ్యి లేవలేదు. వాళ్ళావిడ గబుక్కున తన అరచేయి అడ్డం పెట్టింది. చిట్టి ఆపేసి, శబ్దం తగ్గిద్దామని కంప్యూటరు తెర కింది మూలకి చూసింది. గడియారం ఉంది. దాని పక్కన రోజూ ఉండే చిన్న స్పీకర్ బొమ్మ లేదు. ఆ స్పీకర్లకి తిప్పే మీట లేదు, కీబోర్డులో శబ్దం తగ్గించే బటన్ లేదు. ఉన్న ఒక్క దారీ ఆ బొమ్మే. అది ఎక్కడో సెట్టింగ్స్‌లో దొరుకుతుందని ఆమెకి తెలుసు. కాస్త ప్రశాంతంగా వెతుక్కుంటే చాలు.

ఆ ప్రశాంతతే దక్కలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"ఏమైంది? పైకి వినపడింది. లే, లే, నేను చూస్తా" అంటూ బావగారు లోపలికొచ్చాడు.

"బావగారూ, పేషెంటు ఉన్నారు. నేను చూసుకుంటాను."

"నువ్వేం చూస్తావమ్మా? ఇది కంప్యూటరు" అని, చిట్టి లేచేదాకా కుర్చీ వెనక నిలబడి, లేవగానే చతికిలబడ్డాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి, నోటితో ఊది, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు.

"స్పీకర్ బొమ్మ మాయమైంది, అంతే. శబ్దం తగ్గించాలి" అంది చిట్టి.

"బొమ్మ మాయమవ్వడం అంతే కాదు. లోపల ఏదో కాలిపోయిందని అర్థం" అని, బల్ల కింద దూరి వైర్లన్నీ పీకాడు. ఏది ఎక్కడిదో చూసుకోకుండా పీకాడు కాబట్టి, మళ్ళీ గుచ్చేటప్పుడు ఏ కన్నం ఖాళీగా కనిపిస్తే దాన్లో గుచ్చాడు. పైకి లేస్తూ బల్లకి తల కొట్టుకుని, బల్లనే విసుక్కున్నాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. అది తెరుచుకునేలోపు ఆయన దృష్టి రిఫరీ గారి మీద పడింది.

"ఏమండీ! బాగున్నారా!" అని ఆయన చెవి దగ్గర అరిచాడు. మాట రాని మనిషికి చెవులు కూడా ఉండవని ఆయన లెక్క. రిఫరీ గారు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. బావగారు ఈసారి వాళ్ళావిడ వైపు తిరిగి, పక్కనున్న మనిషి ముందే, "పాపం, మనుషుల్ని గుర్తుపడతాడా?" అని అడిగాడు.

"అన్నీ తెలుసండీ ఆయనకి" అందావిడ, గొంతు సన్నగా.

"ఆ, మీ ధైర్యం కోసం అలాగే అనుకోవాలి."

చిట్టి కింద పడ్డ కార్డులు ఏరుకుంటోంది. ఏరుతూనే ఆ మాట విని పళ్ళు కొరుక్కుంది. బయటి మనుషుల ముందు అక్క మొగుడితో గొడవేమిటని ఊరుకుంది. అలా ఊరుకుని ఊరుకునే ఆ ఇంట్లో అందరూ ఆయన్ని అంతవాణ్ణి చేశారు.

తెర వెలిగింది. బొమ్మ రాలేదు. బావగారు గడ్డం నిమురుకున్నాడు.

"విచిత్రంగా ఉందే. నిన్న కూడా నేను శుభ్రం చేశానే దీన్ని."

"ఏం చేశారు?" అంది చిట్టి, కార్డులు చేతిలో అలాగే పట్టుకుని.

"నువ్వు బజారుకెళ్ళినప్పుడు. గడియారం పక్కన బొమ్మలన్నీ పురుగుల్లా బారులు తీరి ఉంటే ఆపేశా. అవన్నీ దండగ. కంప్యూటరు బరువెక్కిపోతుంది. సౌండు కూడా నీరసంగా ఉంటే ఫుల్లు పెట్టా."

తను చేసిన ఘనకార్యం తనే చాటుకున్నాడని ఆయనకి ఇంకా తట్టలేదు.

"అంటే మీరే తీశారు. ఎలా తీశారో అలాగే పెట్టెయ్యండి."

"అలా రాదమ్మా. ఒకసారి తీస్తే పోయినట్టే. ఇప్పుడు మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలి."

"బావగారూ, వద్దు. మౌసు వదలండి. నా పేషెంట్ల రికార్డింగులన్నీ అందులో ఉన్నాయి."

"ఎందుకా కంగారు? సాయంత్రానికల్లా అయిపోతుంది" అని రిఫరీ గారి వైపు గడ్డంతో చూపించాడు. "ఈయనకి మాత్రం తొందరేముంది? మాట రాని మనిషి ఎక్కడికి పోతాడు?"

కుర్చీ కిర్రుమంది. రిఫరీ గారు లేచి నిలబడుతున్నాడు. ఎవరి సాయమూ లేకుండా, బల్ల అంచు పట్టుకుని లేచాడు. నిలదొక్కుకున్నాక ఎడమచెయ్యి బారుగా చాచి గుమ్మం వైపు చూపించాడు. తప్పు చేసిన ఆటగాణ్ణి మైదానంలోంచి పంపేసేటప్పుడు చూపించినట్టే.

"నువ్వు..." అన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. "నువ్వు... లేచి... బయటికి..."

ఎప్పుడూ ఆయన ఆగిపోయేది ఇక్కడే.

"...పో!"

వాళ్ళావిడ చేతిసంచి జారి కింద పడింది. "ఏమన్నారు? మళ్ళీ అనండి!"

"లేచి బయటికి పో!" అన్నాడు, ఈసారి గడగడా.

"నన్నేనా?" అన్నాడు బావగారు.

"మిమ్మల్నే! మిమ్మల్నేనండీ!" అందావిడ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. బావగారి భుజం పట్టుకుని కుదిపేస్తోంది, ఏదో బహుమతి అందుకున్న మనిషిని అభినందిస్తున్నట్టు. "మిమ్మల్నే లేచి బయటికి పొమ్మంటున్నారు!"

చిట్టికి కళ్ళు చెమర్చాయి. "లేచి", "పో". రెండు పనులు, రెండూ ఉండాల్సిన చోట, ఒకదాని తర్వాత ఒకటి. ఇన్ని నెలలు పిల్లినీ పాలనీ చూపించి తను రాబట్టలేనిది, ఈ మనిషి మీద అసహ్యం ఒక్క నిమిషంలో రాబట్టింది. బావగారు తన వైపు చూస్తున్నాడని కాసేపటికి గాని గమనించలేదు. పేషెంటుని మందలిస్తుందని ఎదురుచూస్తున్నాడు.

"చెప్పారు కదా బావగారూ" అంది చిట్టి. "అంత స్పష్టంగా చెప్పాక ఇంకా కూర్చుంటే ఎలా?"

ఆయన లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, "మంచికి రోజులు కావివి" అని, తలుపు బార్లా వదిలేసి పైకి పోయాడు.

చిట్టి కుర్చీలో కూర్చుంది. ముందు వైర్లు సరిచేసింది. తెర అడుగునున్న పట్టీ మీద మౌసు కుడి బటన్ నొక్కి, సెట్టింగ్స్ తెరిచి, గడియారం పక్కన ఏయే బొమ్మలు కనిపించాలో ఎంచుకునే చోటికి వెళ్ళింది. అన్నీ ఆపేసి ఉన్నాయి. వాల్యూమ్ ఎదురుగా ఉన్న మీట ఆన్ చేసింది. అయినా బొమ్మ రాలేదు. ఆ మనిషి అన్నట్టు నిజంగానే ఏదైనా కాలిపోయిందా? ఛీ, ఆ మనిషి అన్నది ఎప్పుడైనా నిజమైందా? కంప్యూటరులో నడుస్తున్నవన్నీ వరసగా చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి, ఆ అడుగు పట్టీని నడిపే విండోస్ ఎక్స్‌ప్లోరర్ అన్న వరస వెతికి పట్టుకుని రీస్టార్ట్ నొక్కింది. అడుగు పట్టీ మొత్తం మాయమైంది. రిఫరీ గారు ఆందోళనగా ముందుకి వంగాడు. పట్టీ మళ్ళీ వచ్చింది. గడియారం పక్కన స్పీకర్ బొమ్మ, ఎక్కడికీ పోనట్టు కూర్చుని ఉంది.

దాన్ని నొక్కి శబ్దం బాగా తగ్గించి, మొదటి బొమ్మ మళ్ళీ పెట్టింది.

"తలుపు..." అంది నెమ్మదైన గొంతు.

రిఫరీ గారు తెర వైపు చూడలేదు. బార్లా తెరిచి ఉన్న గది తలుపు వైపు చూశాడు. "ము... ముయ్యి" అన్నాడు. వాళ్ళావిడ పరుగున వెళ్ళి మూసింది.

మధ్యాహ్నం అక్కయ్య దిగింది. "మీ బావని రోగి చేత గెంటించావట!"

"గెంటించలేదక్కా. ఆయనే గెంటాడు. నేను తలుపు దగ్గర కూడా లేను."

"సాయం చెయ్యడానికొస్తే ఇదా మర్యాద?"

"సాయమా? బొమ్మ తీసేసింది ఆయనే. సౌండు పెంచింది ఆయనే. తిరిగి పెట్టమంటే కంప్యూటరు మొత్తం తుడిచేద్దామన్నది ఆయనే. ఇంకాస్త సాయం చేస్తే నేను క్లినిక్ మూసుకోవాలి."

అక్కయ్య మూతి ముడుచుకుని వెళ్ళింది. కొన్నాళ్ళు ఇద్దరి మధ్యా మాటల్లేవు. మెట్ల దగ్గర ఎదురైతే ఒకరు గోడని చూసేవారు, ఒకరు నేలని. చిట్టి కంప్యూటరుకి పాస్‌వర్డు పెట్టుకుంది, ముందుగదికి తాళం వేయించింది. బావగారు కిందికి రావడం మానేశాడు. అవమానంతో కుంగిపోయాడేమోనని ఒకసారి ఆమెకి జాలి కూడా వేసింది. ఆ జాలి దండగని తర్వాత తెలిసింది.

మందుల షాపులో నిలబడి ఉండగా షాపాయన అడిగాడు, "మీ బావగారు షాక్ ట్రీట్‌మెంట్ ఇస్తారటగా?"

"ఏం ట్రీట్‌మెంట్?"

"అదేనండీ, మాట పోయినవాళ్ళకి. కావాలని కోపం తెప్పిస్తే నరాలు కదులుతాయట. ఎవరో రిఫరీకి అలాగే మాట తెప్పించానని చెప్పారు. మీరు నెలల తరబడి బొమ్మలు చూపిస్తూ కూర్చున్నారటగా."

చిట్టికి నవ్వాలో, చేతిలో ఉన్న సీసా బద్దలుకొట్టాలో తెలియలేదు. పొమ్మంటే పోయిన మనిషి, అదే తన వైద్యమని ఊరంతా చాటుకుంటున్నాడు. పైగా నమ్మేవాళ్ళు కూడా ఉన్నారు.

నమ్మినవాళ్ళలో ఒకావిడ, మాట పడిపోయిన తండ్రిని తీసుకుని వచ్చేసింది. గుమ్మంలో నిలబడి, "మాట తెప్పించే పెద్దాయన ఉండేది ఇక్కడేనా?" అని అడిగింది. చిట్టి నోరు తెరిచేలోపే మెట్ల మీద బావగారు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల.

"ఇక్కడేనమ్మా. కేసు చెప్పండి" అన్నాడు.

"బావగారూ," అంది చిట్టి మెల్లగా, "ఇంకొక్క మెట్టు దిగారంటే రిఫరీ గారికి ఫోన్ చేస్తాను. ఇప్పుడాయనకి చాలా మాటలు వచ్చాయి."

దిగబోతున్న కాలు గాల్లోనే ఆగింది.

చిట్టి తండ్రీకూతుళ్ళని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. జరిగిందేమిటో ఆ కూతురికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ సిగ్గుపడింది. తండ్రి మాత్రం అంతా విని, భుజాలు కదిలేలా నవ్వాడు. తర్వాత అద్దం ముందు కూర్చుని చెప్పినవన్నీ శ్రద్ధగా చేశాడు. ఆ రోజు మాటేమీ రాలేదు. వస్తుందని చిట్టి కూడా అనుకోలేదు.

వాళ్ళు బయటికి వచ్చేసరికి బావగారు ఇంకా మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు.

"ఎలా ఉంది మన ట్రీట్‌మెంటు?" అని ఆ పెద్దాయన్ని పలకరించాడు.

ఆ పెద్దాయన ఆయన్ని తల నుంచి పాదాల దాకా ఒకసారి చూశాడు. పాదాల నుంచి తల దాకా మరోసారి చూశాడు. చెప్పులేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వీధిలోకి దిగాడు.

"చూశావా చిట్టీ, ఇప్పటికే మార్పు తెలుస్తోంది" అన్నాడు బావగారు.