నల్లవాగు మీద తీగ

ఆ రోజుల్లో తీగ లాగడం నా పని. కత్తియుద్ధాల సినిమాల్లో మనుషులు గాలిలో ఎగురుతారు కదా, వాళ్ల నడుముకు కట్టిన ఉక్కుతీగ పైనున్న కప్పీ మీదుగా వచ్చి మా చేతుల్లోని తాడుకు ముడిపడి ఉండేది. ముగ్గురం లాగితే ఒక మనిషి లేచేవాడు. తీగ కెమెరాకు కనబడకూడదని నల్లరంగు పూసేవాళ్లం. లావు తీగయితే రంగు పూసినా కనబడేది. అందుకని సన్నది వాడేవాళ్లు. సన్నది తెగేది.

1971 చలికాలంలో హాంకాంగ్ కొండల్లో 'నల్లవాగు వంతెన' తీస్తున్నప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. అంతకు రెండు వారాల కిందటే కీ-షింగ్ అనే మావాడు తీగ తెగి పడ్డాడు. వెన్ను విరిగింది. తడిబట్టను బండకేసి కొట్టినట్టు చప్పుడొచ్చింది. అది విన్న దగ్గర్నుంచీ తాడు పట్టుకుంటే చాలు, నా మోచేతులు వణికేవి. ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పోతుంది.

ఆరోజు వంతెన మీంచి దూకాల్సింది చోయ్-వాన్. హీరోయిన్‌కు డూప్. మేమిద్దరం ఒకే నాటకాల బడిలో, ఒకే గురువు బెత్తం కింద పల్టీలు నేర్చుకున్నాం. నాకంటే రెండేళ్లు పెద్ద, అక్కా అనేవాణ్ణి. నాటకాలకు జనం రావడం మానేశాక ఇద్దరం సినిమాల్లో పడ్డాం.

భోజనాల వేళ నేను తీగను గుడ్డతో తుడుస్తుంటే ఒకచోట గుడ్డ చిక్కుకుంది. దగ్గరగా చూస్తే, తీగ పేనిన పోగుల్లో ఒకటి తెగి, ముల్లులా పైకి లేచి ఉంది.

ఫైట్ మాస్టర్ టుంగ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఆ ముల్లును వేలితో తడిమి చూశాడు. వేరే తీగ పట్నం నుంచి రేపటికి గానీ రాదన్నాడు. రేపు పొద్దున్నే ఈ సెట్టు పీకేస్తారన్నాడు. నాలుగు దాటితే వెలుతురు ఉండదన్నాడు. ఇదంతా నా మొహం చూడకుండా చెప్పాడు. ఎప్పుడూ అరిచే మనిషి అంత మెల్లగా మాట్లాడేసరికి నాకు మరింత భయమేసింది.

"ఆ పిల్లకి చెప్పు. దూకుతుందో లేదో తననే చెప్పమను," అన్నాడు చివరికి.

చోయ్-వాన్ ఉప్పులో ఊరేసిన గుడ్డుతో అన్నం తింటోంది. చెప్పాను.

"ఎన్ని పోగులు?"

"నాకు కనబడింది ఒకటే."

"కనబడనివి?"

ఆమె గిన్నె కింద పెట్టేసింది. కాదంటే ఆ కబురు ఒక్క రోజులో స్టూడియోలన్నీ చుట్టేస్తుందనీ, మళ్లీ తనని ఎవరూ పిలవరనీ ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"తాడు నువ్వేగా పట్టుకునేది?"

"ముందు నేనే ఉంటాను, అక్కా."

"అయితే సరే. వదిలావంటే దెయ్యమై వచ్చి నీ మంచం కింద పడుకుంటా." నవ్వింది గానీ, పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

మూడున్నరకు వంతెన కొసన నిలబడింది. ముప్పై ఐదు అడుగుల కింద బండరాళ్లు, వాటి మధ్య మోకాలి లోతు నీళ్లు. డైరెక్టర్ కేక వేశాడు. దూకింది. మేం లాగాం. రెండు చేతుల్లో రెండు కత్తులతో వాగు మీదుగా సాగిపోయింది. దాదాపు అవతలి ఒడ్డుకు చేరుతుండగా నా అరచేతుల్లో తాడు సన్నగా అదిరింది. వెంటనే ఇంకోసారి. పోగులు ఒక్కొక్కటే తెగిపోతున్నాయి.

బిగించి పట్టుకుంటే బరువంతా ఆ తెగినచోటే పడుతుంది. నా వెనకనున్న ఇద్దరినీ వదిలెయ్యమని అరిచి, తాడును నా అరచేతుల్లోంచి జారనిచ్చాను. చర్మం కాలిన వాసన వచ్చింది. ఆమె రాయిలా కిందికొచ్చేసింది. వస్తూ వస్తూ మొహం ఇటు తిప్పింది, నోరు తెరిచింది. నేల ఇంకో మనిషెత్తు ఉందనగా పిడికిళ్లు మెల్లగా బిగించాను. అప్పుడు తెగింది తీగ. ఆమె ఒడ్డున రెల్లుగడ్డిలో పడింది.

నేను ఆ తడిబట్ట చప్పుడు కోసం చెవులు రిక్కించాను. గడ్డిలోంచి ఆమె బూతులు తిట్టడం వినబడింది. అక్కడే కూలబడ్డాను.

ఆమె భుజం ఎముకా, చీలమండా విరిగాయి. కోలుకుని వచ్చాక ఇంకో ఎనిమిదేళ్లు దూకింది గానీ, తాడు దగ్గర నన్ను ఏనాడూ ఉండనివ్వలేదు. షూటింగ్ ఆపించలేకపోయానని కోపమనుకున్నాను. అడిగే ధైర్యం లేక, తాడు మానేసి సెట్లు కట్టే వడ్రంగుల్లో చేరాను.

తెర మీద కనబడేది హీరోయిన్ మొహం కాదని తెలిసిపోతున్నా డైరెక్టర్ ఆ షాట్ ఉంచేశాడు. ఆ సినిమా ఇప్పటికీ ఆడుతోంది. జనం ఆ ఒక్క క్షణాన్నీ ఆపి ఆపి చూస్తారట. ఎగిరేవాళ్లు వేలమంది ఉన్నారు, నిజంగా చావుకు భయపడుతూ ఎగిరిన మొహం ఇదొక్కటే అని ఒకామె పత్రికలో రాసింది.

2019లో ఆ పాత రీళ్లను శుభ్రం చేసి, హాంకాంగ్‌లోనే కౌలూన్ అనే చోట ఒక హాల్లో మళ్లీ వేశారు. ఎన్నో ఏళ్ల తర్వాత చోయ్-వాన్ ఫోన్ చేసింది. తను ఆ సినిమా ఇంతవరకూ చూడలేదట. ఒక్కదాన్నే చూడలేను, తోడు రమ్మంది.

హాలు నిండా పాతికేళ్లవాళ్లే. కత్తులు దూస్తే ఈలలు, పెట్టుడు గడ్డాలకు నవ్వులు. వంతెన కనబడగానే అందరూ నిశ్శబ్దమైపోయారు. ఏం జరుగుతుందో తెలిసి కూడా, ఈసారి పడిపోతుందేమో అనిపించింది. ఆ మొహం రాగానే హాలంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టింది. తర్వాత చప్పట్లు.

చోయ్-వాన్ నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఆరోజు నువ్వు తాడు వదిలేశావు. నేను చూశాను. భయపడి వదిలేశావు కదూ?"

ఆ మొహం తిరిగింది కెమెరా వైపు కాదు, నా వైపు. ఇన్నేళ్లూ ఆమె ఆ అనుమానంతోనే బతికింది. పోగులు తెగడం, బిగిస్తే ఏమయ్యేదో, నా చేతులు ఎలా కాలాయో గొంతు తగ్గించి చెప్పాను. మాస్టర్ చెప్పలేదా అని అడిగాను. తీగ తెగిందన్నాడు, అంతే, అంది.

తెర వైపే చూస్తూ మళ్లీ అడిగింది.

"మరి భయపడలేదా?"

"ఇప్పటికీ భయమే, అక్కా."

బయటికొచ్చేటప్పుడు లిఫ్టు దగ్గర జనం ఉంటే మెట్ల మీదుగా దిగాం. ఒక అంతస్తు గోడ పట్టుకునే దిగింది. అక్కడ ఆగి, మెట్లు మరీ నిటారుగా ఉన్నాయి, చెయ్యివ్వమంది. ఇచ్చాను. ఆమె బరువు నా మీద పడగానే నాకు మళ్లీ భయమేసింది.