జిగురు రంగు

అమ్మా నేనూ వసారాలో విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తున్నాం. గింజ పైపొట్టు ఊడితే మొలక రాదని అమ్మ నా చేతులనే కనిపెట్టి చూస్తోంది. హరీష్ అప్పుడే వచ్చాడు. బెంగళూరు ల్యాబులో నాకు సీనియరు. ధర్మవరంలోని వాళ్లింటి నుంచి బయలుదేరి, పెనుకొండలో రైలు దిగి, ఆటోలో మా ఊరికి వచ్చాడు.

"ఏం ఝాన్సీ, మైక్రోస్కోపు ఇడ్సిపెట్టి చెనక్కాయలు పట్టుకున్యావే?"

"దానికన్నా ఇదే కష్టమప్పా. కూచోని ఒలిసి చూడు" అంది అమ్మ.

అతను నవ్వి చాప మీద కూర్చుని, టైపు చేసిన పేపరు తీశాడు.

"దీంట్లో నీ పేరూ ఉంది. నువ్వు సరేనంటే చాలు. హిందూపురంలో బస్సెక్కి బెంగళూరు పోయి మన ల్యాబు సారుకిచ్చేస్తా."

నికెల్-ఇనుము పొర మీద రాగి పొర పేర్చి చేసే అయస్కాంత సెన్సర్ల గురించి ఆ పేపరు. తయారీలోనే పొరల అంచులు కలిసిపోతున్నాయని, అందుకే సెన్సర్లు బలహీనమవుతున్నాయని అతని వాదన. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నేను తీసిన ఫొటోలోనూ అంచు చెదిరే ఉంది. పేపరు అచ్చయితేనే అతనికి పూనాలో ఉద్యోగం.

"అన్నా, ఆ ఫొటోకని నువ్వు చేసిన సెన్సరు ముక్కలో జిగురు నల్లగా మాడింది. తేనె రంగు ఉండాల గదా?"

పొరల్ని అడ్డంగా చూడాలంటే రెండు ముక్కల్ని ఎదురెదురుగా జిగురుతో అంటించి, వేడి మీద గట్టిపరిచి, వెలుతురు కనబడేంత పలచగా అరగదీయాలి.

"మైక్రోస్కోపు మనకు వారానికొక దినమే గదా ఇచ్చేది. వంతు పోతాదని జిగురు బిరీన గట్టిపడాలని హాట్‌ప్లేటు వేడి రోంత పెంచినా. దానికేమి?"

నేను లోపలికి వెళ్లి ఇంకో ఫొటో తెచ్చాను.

"అదే సెన్సరులో మిగిలిన ముక్కను వేడి తగలకుండా వేరే జిగురుతో అంటించి చూసినా."

అందులో రెండు పొరల మధ్య అంచు గీత గీసినట్టుంది.

"సారు చూసినాడా?"

"లేదు. ముందు నీకే చెప్పాలనుకున్యా."

"ఇది పెట్టకున్నా పేపరు అచ్చయితాది ఝాన్సీ. జిగురు రంగు ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరన్నా. పొరల్ని కలిపింది మన హాట్‌ప్లేటే అని తెలిసి, నేనెట్లా సరేనని చెప్పేది?"

హరీష్ పేపరులోని ఫొటో పక్కన కొత్తది పెట్టుకుని చాలాసేపు చూశాడు. కొత్తదాన్ని ఒకసారి వసారా బయటి వెలుతురుకు పట్టి చూశాడు.

"టీ పెడతాండా, తాగిపో అప్పా" అంది అమ్మ.

అతను కొత్త ఫొటోను బ్యాగులో పెట్టుకున్నాడు. పేపరును చాప మీదే వదిలేసి, చెప్పులేసుకుని, "సారుకు ఇదే చూపిస్తా" అని వెళ్లిపోయాడు.