ఆలస్యంగా అందే చూపు

చందమామ మీద రష్యావాళ్ల బండి తిరుగుతోందని కండక్టర్ ఇస్సాకు పేపరు చూసి చెప్పిన రోజు, డ్రైవర్ దుర్గయ్య పగలబడి నవ్వాడు.

"డ్రైవర్ లేకుండనా?"

"ఉన్నడన్నా. రష్యాల కుర్చీల కూసొని, బండి పంపిన బొమ్మలు చూసుకుంట నడుపుతడు. బొమ్మ జర లేటుగ వస్తదంట. గుంత కనవడేసరికి బండి గుంత అంచునే ఉంటది."

దుర్గయ్య నవ్వు సగంలో ఆగిపోయింది. ఇరవై రెండేళ్లుగా బస్సు నడుపుతున్నాడు. ఈమధ్య పొద్దువాలితే చాలు, ఎదుటి మనిషి కంటికి ఆనేసరికి బంపరు పక్కన ఉంటున్నాడు. ఎవరికీ చెప్పలేదు. కళ్ల పరీక్షలో ముందువాళ్లు చదువుతుంటే విని, ఆ అక్షరాలే అప్పజెప్పి బయటపడ్డాడు. స్టీరింగు మీద నుంచి తీసేస్తే ఈ చేతులు ఎవరివో తనకే తెలియదనిపించేది.

చందమామ మీది బండికి మూడు నెలలే ఆయుష్షన్నారు. అక్కడ పగలు పదిహేను రోజులు, రాత్రి పదిహేను రోజులు. రాత్రంతా మూత మూసుకుని చలిలో పడుండేది. తెల్లారితే మూత తెరిచి మళ్లీ కదిలేది. మూడు నెలలు ఆరయ్యాయి, ఆరు తొమ్మిదయ్యాయి.

"నడుస్తున్నదా?" అని దుర్గయ్య అడుగుతూనే ఉండేవాడు.

"నడవక ఏంజేస్తదే! నీ లెక్కనే మస్తు మొండిది."

అది నడిచినన్నాళ్లు తానూ నడపొచ్చు. ఈ ఒప్పందం ఎవరితో చేసుకున్నాడో అతనికే తెలియదు.

అక్టోబరులో ఒక సాయంత్రం హుస్సేనీ ఆలం స్టాపులో ఇస్సాకు కిటికీ దగ్గరికొచ్చాడు.

"అన్నా, నీ దోస్తు పని ఖతం. చందమామ మీది బండి ఆగిపోయింది."

"ఎప్పుడు?"

"పోయిన నెలలనేనంట. గిప్పుడు చెప్తున్నరు."

ఇస్సాకు వెనక్కి వెళ్లి బెల్లు కొట్టాడు. బస్సు కదిలింది. ఇన్ని రోజులూ ఆగిపోయినదాన్ని నమ్ముకుని నడిపాడన్నమాట. వెనక కూర్చున్న యాభై మంది ఊపిరీ మెడకు తగులుతున్నట్టుంది.

పురానాపూల్ వంతెన మీద, సరిగ్గా ఎదురుగా, నెత్తిన తట్టతో ముసలమ్మ. దుర్గయ్య బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు.

"క్యా హువా రే? పెండ్లాం యాదికొచ్చిందా డ్రైవర్ సాబ్?" వెనక సీట్లోంచి ఎవరో అరిచారు.

ఇస్సాకు తోసుకుంటూ వచ్చాడు. "ఏమైందన్నా?"

"ముసలమ్మ..."

"ఆమె ఎప్పుడో దాటింది. గదో, గోడ పొంటి పోతున్నది."

నిజమే. గోడవారగా తట్ట కదిలిపోతోంది. దాటిపోయిన మనిషి ఇప్పుడు కనిపిస్తే, ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ఎప్పుడు కనిపిస్తాడు?

వెనక లారీ హారన్ కొడుతోంది. దుర్గయ్య ఇంజను ఆపి దిగాడు. రెండు చేతులూ చాచి, బంపరు ముందు గాలిని ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాడు. వంగి చక్రాల ముందు తడిమాడు. ఏమీ తగల్లేదు. అయినా మళ్లీ మొదటి నుంచి తడిమాడు.

"ఎవ్వరు లేరన్నా. ఎక్కు," ఇస్సాకు గొంతు తగ్గించి అన్నాడు.

"లేరని నీకు తెలుసు తమ్మీ. నాకు తెల్వదు. డిపోకు ఫోన్ చెయ్యి, ఇంకో డ్రైవర్ని పంపుమను. నేనెక్క."

గోడ దగ్గరికి వెళ్లి కూలబడ్డాడు. చేతులు ఇంకా గుండ్రంగా, దేన్నో పట్టుకున్నట్టే ఉన్నాయి. వాటిని చూడలేక చంకల్లో దాచుకున్నాడు.