సెలాండైన్‌లో మెత్తబడ్డ చోటు

యుద్ధం లేనప్పుడు యుద్ధనౌకకు తెరచాపలూ స్తంభాలూ విప్పేసి, ప్లిమత్ దగ్గర నదిలో గొలుసులకు కట్టేస్తారు. కెప్టెనూ నావికులూ ఎవరి దారిన వాళ్లు పోతారు. వడ్రంగి మాత్రం ఓడతోనే ఉండాలి. వడ్రంగి ఉంటే వడ్రంగి పెళ్లామూ ఉంటుంది. అలా నేను, లవ్‌డే ట్రెగెర్, ఏళ్ల తరబడి సెలాండైన్ అనే ఓడకు ఇల్లాలిని.

దాని ఘనచరిత్రంతా నాకు ఇంటిపనిలోనే తెలిసింది. బట్టలారేసే తాడు కట్టిన చోట ఫ్రెంచి గుండు దూరింది. ఉల్లిపాయలు పెట్టుకునే మూలలో జమైకా గవర్నరుగారి మేకలు ప్రయాణం చేశాయి. ముసురు పడితే ఆ వాసన ఇంకా లేస్తుంది. మొత్తం సర్వీసులో పట్టుకున్న శత్రువుల ఓడ ఒక్కటే. దాని నిండా వెనిగరే.

మళ్లీ యుద్ధమని కబురు రాగానే మా ఆయన జేబెజ్‌కి కాలు నిలవడం మానేసింది.

"కాస్త కూర్చోవయ్యా. కట్టేసిన ఓడలో నాకు కళ్లు తిరగడమేంటి?"

"రేపు సర్వేయరొస్తున్నాడే. ఓడ గట్టిగా ఉందంటే సముద్రంలోకి."

"లేదంటే?"

"పొయ్యిలోకి."

అంటూ చేతికంటిన తారు తుడుచుకున్నాడు. ఆ తారు దేనికో నాకు తెలుసు. మా పొయ్యి పక్క దుంగ కుళ్లిపోయింది. అందులో కొవ్వూ రంపప్పొట్టూ కూరి, పైన తారు పూశాడు. ఆ దుంగకు ఆనుకునే నేను రోజూ రొట్టెపిండి పిసుకుతాను. నాకు తెలియకుండా ఎలా మెత్తబడుతుంది?

"బిస్కే సముద్రంలో తుఫానొచ్చి అది ఊడితే?"

"ఊడదు."

"ఊడితే, జేబెజ్?"

"ఇక్కడ కూచుని కుళ్లిపోవడం కంటే నయం!"

ఆ మాట దుంగ గురించి కాదు. ఓడను విరగ్గొడితే ఆయన బతికుండీ బతకడు. విరగ్గొట్టకపోతే గుప్పెడు కొవ్వును నమ్ముకుని సముద్రం మీదికి పోతాడు.

మర్నాడు సర్వేయరు ఫ్రాంప్టన్ సుత్తీ బరమా పట్టుకుని వచ్చాడు. ఎక్కడ తొలవాలో ఓడ వడ్రంగే చూపించడం రివాజు. జేబెజ్ గట్టి చోట్లన్నీ మహా గౌరవంగా చూపించాడు.

"భేష్. మీ ముసలి ఓడ నా కంటే గట్టిగా ఉందయ్యా ట్రెగెర్!" అన్నాడాయన, టీకి కూర్చుంటూ.

"మీ టోపీ ఇటివ్వండి సార్, తగిలిస్తాను" అన్నాను.

మేకు తీసి పొయ్యి పక్క దుంగకు ఆనించాను.

"సుత్తి ఇవ్వనామ్మా?"

"అక్కర్లేదండీ, ఇక్కడ బొటనవేలు చాలు."

మేకు తలదాకా దిగిపోయింది. జేబెజ్ ముఖం పిండిలా పాలిపోయింది. ఫ్రాంప్టన్ లేచి అక్కడే బరమా తిప్పి, చివర అంటుకొచ్చిన కొవ్వును వాసన చూశాడు.

"ఒత్తి పెట్టడం మర్చిపోయావు, ట్రెగెర్. కొవ్వొత్తయ్యేది."

యుద్ధం ముందు విరగ్గొట్టి పారేసేన్ని ఓడలు నౌకాదళం దగ్గర లేవు. అందుకని సెలాండైన్‌ను మరమ్మతుకు లాగారు. జేబెజ్ నాతో మాట మానేశాడు. వడ్డిస్తే తింటాడు, అడిగితే దగ్గుతాడు. దుంగ ఊడదీసిన రోజున మాత్రం గుప్పిట మూసుకొచ్చి బల్ల మీద తెరిచాడు. తేయాకు పిప్పిలాంటి చెక్కపొడి.

"దుంగలోకి చెయ్యి మోచేతిదాకా దిగిపోయింది, లవ్‌డే" అన్నాడు. పొడిని వేలితో పక్కకు నెడుతూ, "నన్ను ఆపేద్దామనుకున్నావు కదూ?"

"అనుకున్నాను."

"ఇప్పుడో?"

"ఇప్పుడు కొత్త ఓక్ దుంగ వేస్తున్నారుగా. సరిగ్గా వేయించుకో. అంతకంటే నేనేం…"

పై నుంచి ఎవరో వడ్రంగీ అని కేకేశారు. నా మాట పూర్తికాకుండానే పరిగెత్తాడు. ఓడ సముద్రంలోకి పోతే పెళ్లాం దిగిపోవాల్సిందే. నేను ఒడ్డుకు తీసుకెళ్లాల్సిన గిన్నెలు మూటగట్టుకున్నాను. కెటిల్‌ను మాత్రం ఆయన ప్రయాణం పెట్టెలో సర్దాను.