బయట చేరిన రోజు

కరువు ఊళ్లో తెల్ల ప్యాంటు ఉతకడమంత శిక్ష ఇంకొకటి లేదు. మా ఆయన గంగాధరప్ప అనంతపురంలో మగపిల్లల హైస్కూలు డ్రిల్లు మాస్టరు. ప్యాంటుకు ఎర్రమట్టి మరక కనబడితే "పిల్లోళ్ల ముందర నా మర్యాద ఏమైతాదే?" అంటాడు. మర్యాద ఆయనది, చాకిరీ నాది. ఆ పొద్దున దొడ్లో ఆ ప్యాంటే ఉతుకుతుంటే నా కూతురు హనుమక్క పరికిణీ చేతబట్టుకొని వచ్చి నిలబడింది. పరికిణీకి నెత్తురు మరక.

కూతురు పెద్దమనిషి అయితే ఏ తల్లయినా సంతోషిస్తుంది. నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే హైదరాబాదు రైలు. అక్కడి పెద్ద మైదానంలో పరుగుపందెం, గెలిచిన పిల్లల్ని అక్కడే హాస్టల్లో పెట్టి చదివిస్తారని పిల్ల బడిలోని యశోదమ్మ టీచరు చెప్పింది. మగపిల్లలకు దినమూ సున్నంతో గీతలు గీసిచ్చే మనిషి కన్నకూతురి పరుగు ఒక్కసారీ చూడలేదు. నేను కాళ్లావేళ్లా పడితే "పోనీలే, ఎట్లాగూ ఓడిపోయే వస్తాది" అన్నాడు. మా అత్త తిప్పమ్మ మాత్రం ఎప్పుడో తేల్చేసింది. "అది పెద్దమనిషి అయిన దినమే బడి సరి. మూల కూర్చోబెట్టి, తనకల్లు ఊళ్లో ఉండే నా కూతురి కొడుక్కి ఇచ్చేస్తాం."

పిల్లను చాటుకు తీసుకుపోయి పాతచీర చింపి కట్టుకోవడం నేర్పాను. పరికిణీ నీళ్లలో ముంచానో లేదో, అత్త రానే వచ్చింది.

"ఏమే, ఎర్రగుండాయే ఆ నీళ్లు? ఎవరిదే?"

"నాదే అత్తా. బయట చేరినాను."

అంతే. తడి పరికిణీ ఉండచుట్టి కొంగులో దాచుకొని, ఎక్కడి పని అక్కడ వదిలి కట్టెల కొట్టంలో కూర్చున్నాను. మూడు దినాలు నేను దేన్నీ తాకకూడదు. ఆయన వచ్చి గుమ్మంలోనే విసుక్కున్నాడు. "ఈ పొద్దే చేరాల్నా? ప్యాంటంతా మైలపడె. మళ్లా ఉతికేదానికి నీళ్లు యాడుండాయి?" నిజంగా మైలపడిన పిల్ల వంటింట్లో తిరుగుతోంది, వాళ్లకు వడ్డిస్తోంది. చిన్నప్పటి నుంచి నమ్మినదంతా నన్ను పీక్కుతింది. ఆ ముద్ద తిని వాళ్లకేమైనా అయితే ఆ పాపం నాదే కదా.

సాయంత్రం యశోదమ్మ టీచరు జట్కా తెచ్చింది. హనుమక్క నా కాళ్లకు మొక్కబోతే అత్త కేకేసింది.

"ముట్టుకోవాకు! ప్రయాణం పొద్దు మైల!"

నేనే వెనక్కి జరిగాను. బిడ్డను గుండెకు హత్తుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ముట్టుకుంటే దానికి తలస్నానం చేయించందే అత్త గడప దాటనివ్వదు. స్నానం చేయిస్తే గుట్టు రట్టు.

అత్త అటు తిరగ్గానే పిల్ల గొంతు తగ్గించి అడిగింది. "కడుపు నొస్తాండాది మా. ఎట్ల పరుగెత్తేది?"

"నొచ్చినా పరుగెత్తు. గెలిస్తే ఆడనే ఉండు."

"ఓడిపోతే?"

"ఓడిపోయినా రావాకు."

"మరి యాడికి పోవాలమ్మా?"

టీచరు మా మాటలు విన్నట్టే ఉంది. పిల్ల చేయి గట్టిగా పట్టుకొని జట్కా ఎక్కించింది. నా ఒక్కగానొక్క బిడ్డ మళ్లీ నా కంటబడకూడదని, కట్టెల మధ్య కూర్చొని కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను.