మిల్లు గొంతు

మరిడమ్మది ముప్పయ్యేళ్ల బియ్యం మిల్లు గొంతు. ఇంజను మోతలో, జల్లెడ దగ్గర నుంచి అవతలి గోడ పక్కనున్న మనిషిని పిలవాలంటే ఆ మాత్రం గొంతుండాలి మరి. ఎనభై రెండులో మిల్లు మూసేస్తారని తెలిశాక ఆమెకు ఒకటే దిగులు పట్టుకుంది: ఈ గొంతుతో ఇంట్లో ఎలా బతకడం? "మెల్లగా అత్తా, వీధంతా వింటోంది" అని కోడలు సత్యలక్ష్మి రోజుకు పదిసార్లు అంటుంది. ఆ పిల్ల గట్టిగా దగ్గి కూడా ఎరగదు.

మూసేలోగా మిల్లు చప్పుళ్లన్నీ టేపురికార్డరులో పట్టి, వార్షికోత్సవంలో సామర్లకోట జనానికి వినిపించాలని గ్రంథాలయం కార్యదర్శి కుక్కుటేశ్వరరావుగారికి తోచింది. మంచి ఆలోచనే. కాని పెద్దమనిషి కదా, పట్టేదేదో శుభ్రంగా పట్టాలనుకున్నారు.

"మరిడమ్మా, ఆడవాళ్లంతా గంటసేపు బయట కూర్చోండమ్మా. మీ కేకలు పడితే టేపు పాడైపోద్ది" అన్నారు.

"అలాగేనండి బాబుగారూ" అని బయటకొచ్చింది గాని, తన మిల్లుకు తానే అడ్డమైనందుకు ఆమె మనసు చివుక్కుమంది.

వార్షికోత్సవం నాడు మైకు సెట్టులో టేపు వేశారు. ఇంజను గుడగుడ, బెల్టు టపటప, జల్లెడ గరగర. జనం మర్యాదగా విన్నారు.

"ఇది మన మిల్లేనంటావా?" అన్నారెవరో.

"ఏదో పిండిమరలా ఉంది" అన్నారు ఇంకొకరు.

కుక్కుటేశ్వరరావుగారి మొహం చిన్నబోయింది. మరిడమ్మకు కడుపు మండింది. ముప్పయ్యేళ్లు నిలబడ్డ చోటు పిండిమరా? లేవబోయి, పక్కనున్న కోడల్ని చూసి తమాయించుకుంది. అంతలో టేపులో జల్లెడ చప్పుడు మందగించింది. కింద పెట్టిన గంప నిండినప్పుడు వచ్చే చప్పుడది. ఇక ఆమె వల్ల కాలేదు.

"ఒసే చిట్టెమ్మా! గంప నిండిందే! లాగెయ్యవే!"

ముందు వరసలో మునసబుగారు ఉలిక్కిపడ్డారు. అటు మూల నుంచి చిట్టెమ్మ అలవాటు కొద్దీ లేచి నిలబడి, "లాగుతున్నానే తల్లీ, చెవులు పోతున్నాయి!" అని అరిచింది. ఇంజను డ్రైవరు ఆశీర్వాదం "బెల్టమ్మా బెల్టు! కొంగులు జాగ్రత్త!" అని గద్దించాడు. మిల్లు ఆడవాళ్లంతా తలో కేకా అందుకున్నారు.

"అద్గదీ మన మిల్లు!" అన్నారు జనం.

టేపు ఐపోయింది. ఆ నిశ్శబ్దంలో మరిడమ్మ కేకొక్కటే మిగిలింది. సిగ్గుతో చచ్చిపోయి, కోడలి మొహం చూడలేక తల దించుకుని కూర్చుంది.

కుక్కుటేశ్వరరావుగారు టేపు వెనక్కి తిప్పుతూ, "తప్పు నాదేనమ్మా. మళ్లీ వేస్తాను, నువ్విలా మైకు దగ్గరకు రా" అన్నారు.

"మా అత్తకి మైకెందుకండీ!" అంది సత్యలక్ష్మి.

ఆ మాట చిట్టచివరి వరసదాకా వినపడింది.